తత్వశాస్త్రం, యుద్ధశాస్త్రం సొంతంగా చదవడం ఎలా? ఒక్క యుద్ధాన్ని పట్టుకుని మొదలుపెట్టండి

"తత్వశాస్త్రం చదవాలనుంది, యుద్ధతంత్రం మీద కూడా ఆసక్తి ఉంది, ఏ పుస్తకంతో మొదలుపెట్టమంటారు?" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. అడిగేవాళ్లలో ఎక్కువమంది పదహారు నుంచి ఇరవై రెండేళ్ల లోపు వాళ్లే. ఫోన్‌లో అప్పటికే ముప్పై పీడీఎఫ్‌లు ఉంటాయి, ఒక్కదాంట్లోనూ పదో పేజీ దాటి ఉండరు. ఇప్పుడు నేను ఇంకో పాతిక పేర్లు రాసిస్తే అవి కూడా ఆ ఫోల్డర్‌లోకే వెళ్తాయి, అందుకని జాబితా ఇవ్వను. చదివే పద్ధతి చెప్తాను.

పద్ధతి ఒక్క మాటలో చెప్పాలంటే, ఒకే ఒక్క యుద్ధాన్ని బాగా తెలుసుకోండి, ఆ తర్వాత చదివే ప్రతి సిద్ధాంతాన్నీ తెచ్చి దానిమీద పరీక్షించండి. నేను సూచించే యుద్ధం క్రీ.పూ. 415–413లో ఏథెన్స్ సిసిలీ ద్వీపం మీదికి వెళ్లిన దండయాత్ర. ఎందుకు అదే అంటే, దాని గురించి రాసిన తూసిడిడీస్ స్వయంగా సేనానిగా పనిచేసి పదవి పోగొట్టుకున్నవాడు, అందులో ఓడిపోయిన సేనాని నికియాస్ ప్లేటో రాసిన ఒక సంభాషణలో కూర్చుని ధైర్యం గురించి సోక్రటీస్‌తో వాదిస్తాడు. తత్వశాస్త్రం, యుద్ధం రెండూ ఒకే మనిషి దగ్గర కలిసే చోటు ఇంత తేలిగ్గా మళ్లీ దొరకదు.

కావలసినవి

ఒక కాగితపు నోట్‌బుక్, పెన్సిల్. ఫోన్‌లో నోట్స్ రాస్తే కాపీ-పేస్ట్ చేస్తారు, కాపీ చేసింది బుర్రలోకి పోదు.

రోజుకు నలభై ఐదు నిమిషాలు, వారానికి ఐదు రోజులు, మొత్తం పన్నెండు వారాలు. ఒకేసారి ఆదివారం నాలుగు గంటలు కూర్చుంటానంటే తత్వశాస్త్రం విషయంలో అది పనిచేయదు, మొదటి గంట తర్వాత కళ్లు పేజీ మీద ఉంటాయి తప్ప మనసు ఉండదు.

సిసిలీ మ్యాప్, అందులో ఏథెన్స్ ముట్టడించిన సిరక్యూస్ నగరం పెద్దగా కనబడేది ఇంకొకటి.

ఓపిగ్గా వినే ఒక మనిషి. స్నేహితుడైనా, అక్కయినా, నాన్నయినా సరే. ఆ పుస్తకాలు చదవనివాళ్లయితే ఇంకా మంచిది, ఎందుకో చివర్లో చెప్తాను.

ఇక పుస్తకాలు ఆరు: ప్లేటో రాసిన "లాకీస్", తూసిడిడీస్ చరిత్రలో 6, 7 భాగాలు, గ్రీకు తత్వవేత్త ఎపిక్టెటస్ "చేతిపుస్తకం", ప్రాచీన చైనా యుద్ధతంత్రవేత్త సన్ జు "యుద్ధకళ" 13 అధ్యాయాలు, ప్రష్యా సైనికాధికారి క్లౌజ్‌విట్జ్ "యుద్ధం గురించి"లో కొన్ని అధ్యాయాలు, కౌటిల్యుడి అర్థశాస్త్రంలో 6, 7 అధికరణాలు. దేన్నీ మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా చదవాలన్న నియమం పెట్టుకోకండి, చిన్నవి పూర్తిగా, పెద్దవి ముక్కలుగా.

డబ్బు పెట్టక్కర్లేదు. పాత ఇంగ్లిష్ అనువాదాలు కాపీరైట్ దాటిపోయి ఉచితంగా దొరుకుతాయి: ప్లేటోకి జోవెట్, తూసిడిడీస్‌కి క్రాలీ (1874), క్లౌజ్‌విట్జ్‌కి గ్రాహమ్ (1873), సన్ జుకి లయనెల్ గైల్స్ (1910), అర్థశాస్త్రానికి శామశాస్త్రి (1915). వీటిలో వాక్యాలు పొడుగ్గా, పాతకాలపు ధోరణిలో ఉంటాయి. లైబ్రరీలో కొత్తవి దొరికితే క్లౌజ్‌విట్జ్‌కి హోవర్డ్, పారెట్ చేసిన 1976 అనువాదం, తూసిడిడీస్‌కి అడుగడుగునా మ్యాపులు వేసిన 1996 నాటి "ల్యాండ్‌మార్క్" ముద్రణ తీసుకోండి. తెలుగులో నమ్మకమైన పూర్తి అనువాదం దొరికితే నిస్సంకోచంగా తెలుగులోనే చదవండి. కష్టమైన ఇంగ్లిష్‌లో చదివితేనే తెలివైనవాళ్లమని ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వరు. ఒక్కటి మాత్రం చూసుకోండి, "సులభ సంక్షిప్త రూపం", "జీవితంలో గెలుపు కోసం" లాంటి మాటలు అట్ట మీద ఉంటే అది ఆ పుస్తకం కాదు, దాని మీద ఇంకెవరో చెప్పిన ఉపన్యాసం.

1. ముందు ఒక ప్రశ్న రాసుకోండి

నోట్‌బుక్ మొదటి పేజీలో ఒకే ప్రశ్న రాయండి. "తత్వశాస్త్రం అంటే ఏమిటి" లాంటిది వద్దు, అది ప్రశ్న కాదు, సిలబస్. "తెలిసి తెలిసి తప్పు నిర్ణయం ఎందుకు తీసుకుంటారు?", "భయపడేవాడు ధైర్యవంతుడు కాగలడా?", "యుద్ధంలో కూడా చేయకూడని పనులంటూ ఉంటాయా?" ఇలాంటివి. మీకు నిజంగా గుచ్చుకునేది ఒకటి ఎంచుకోండి. ఏమీ తట్టకపోతే ధైర్యం గురించిన ప్రశ్న తీసుకోండి, మొదటి పుస్తకం దాని మీదే.

2. మొదటి వారం: "లాకీస్", రెండుసార్లు

చాలా చిన్న సంభాషణ, ఒక పూటలో అయిపోతుంది. ఇద్దరు తండ్రులు, తమ కొడుకులకు కవచం వేసుకుని పోరాడే విద్య నేర్పించాలా వద్దా అని ఇద్దరు సేనానుల్ని అడుగుతారు. నికియాస్ నేర్పించమంటాడు, లాకీస్ దండగ అంటాడు. ఇద్దరూ అనుభవజ్ఞులే, ఇద్దరూ చెరోవైపు. అప్పుడు సోక్రటీస్‌ని పిలుస్తారు.

మొదటిసారి కథలాగా చదివేయండి, ఎక్కడా ఆగకండి. అందులో లాకీస్ ఒక ఆయుధ గురువు గురించి చెప్పే ముచ్చట మాత్రం నెమ్మదిగా చదవండి. ఆ గురువు ఈటెకి కొడవలి తగిలించి ఓ కొత్త ఆయుధం కనిపెట్టి ఓడ మీదికి తెస్తాడు. అది కాస్తా పక్క నుంచి పోతున్న శత్రు ఓడ తాళ్లలో ఇరుక్కుపోతుంది. ఓడలు రెండూ ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతుంటే ఈయన కర్ర వదలకుండా డెక్ మీద పరుగెడతాడు, చివరికి కర్ర కొస మాత్రమే చేతిలో మిగులుతుంది, కాళ్ల దగ్గర ఎవరో రాయి విసిరితే అప్పుడు వదిలేస్తాడు. శత్రువులే కాదు, సొంత ఓడవాళ్లు కూడా నవ్వాపుకోలేకపోతారు. యుద్ధశాస్త్రం పుస్తకాలు చదివే ప్రతివాడూ ఈ గురువుని అప్పుడప్పుడూ గుర్తు చేసుకోవడం మంచిది.

రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదవండి. ఎవరైనా ధైర్యానికి నిర్వచనం చెప్పిన ప్రతిచోటా పక్కన నంబరు వేయండి. పుస్తకం అంచున 190, 191 లాంటి అంకెలు కనిపిస్తాయి, అవి 1578లో వచ్చిన ఒక ముద్రణ పేజీ నంబర్లు, ఏ అనువాదంలోనైనా అవే ఉంటాయి. నోట్స్‌లో మీ పుస్తకం పేజీ నంబరు కాకుండా ఇవి రాసుకుంటే రేపు వేరే అనువాదం చేతికొచ్చినా వెతుక్కోనక్కర్లేదు. మీ దగ్గరున్న ఉచిత కాపీలో ఈ అంకెలు లేకపోతే ఎవరి మాట, ఎవరికి జవాబుగా వచ్చింది అని రాసుకోండి, చాలు.

చివర్లో ధైర్యం అంటే ఏమిటో తేలదు. "ఇంతేనా?" అనిపిస్తుంది. అలా అనిపించడం సహజం, ముందుకి వెళ్లండి.

3. ప్రతి వాదానికీ నాలుగు గీతలు

ఈ మెట్టు దగ్గరే చాలామంది బద్ధకిస్తారు, మొత్తం ఫలితం ఉండేదీ ఇక్కడే. చదివిన ప్రతి ముఖ్యమైన వాదానికీ నోట్‌బుక్‌లో నాలుగు విషయాలు రాయాలి: ఏమంటున్నాడు, ఎందుకంటున్నాడు, కాదనేవాడు ఏమంటాడు, నేనేమంటాను. మన పాత శాస్త్రకారులు పూర్వపక్షం, అంటే ఎదుటివాడి వాదం, చెప్పకుండా సిద్ధాంతం చెప్పేవాళ్లు కాదు, ఇదీ అదే అలవాటు. ఉదాహరణకి లాకీస్ మొదటి నిర్వచనం ఇలా రాయొచ్చు:

ఏమంటున్నాడు: వరుసలో తన చోటు వదలకుండా నిలబడి, పారిపోకుండా పోరాడేవాడే ధైర్యవంతుడు.

ఎందుకు: పదాతిదళం వరుస చెదిరితే అందరూ చస్తారు, సేనానిగా అతను చూసింది అదే.

కాదంటే: సిథియన్ గుర్రపు దళం వెనక్కి తగ్గుతూనే పోరాడుతుంది. ప్లాటియా దగ్గర స్పార్టావాళ్లు ముందు వెనక్కి తగ్గి, శత్రువు వరుస చెదిరాక తిరగబడి గెలిచారు. వాళ్లు పిరికివాళ్లా? పైగా రోగంలో, పేదరికంలో చూపించే ధైర్యం సంగతేమిటి?

నేను: ఇది మీరు రాయాలి.

మూడో గీత ఖాళీగా ఉండిపోతే మీరు ఆ వాదాన్ని ఇంకా అర్థం చేసుకోలేదనే లెక్క, వెనక్కి వెళ్లి మళ్లీ చదవండి. నాలుగో గీత ఖాళీగా ఉన్నా పర్వాలేదు, అది తర్వాతైనా వస్తుంది. మామూలుగా జరిగేది దీనికి తలకిందులు, నాలుగోది పేజీల కొద్దీ రాసేస్తారు, మిగతా మూడూ ఉండవు.

4. రెండో వారం నుంచి నాలుగో వారం దాకా: సిసిలీ

తూసిడిడీస్ ఆరో భాగం తెరవగానే సిసిలీలో ఏ జాతివాళ్లు ఎప్పుడొచ్చారో చెప్పే అధ్యాయాలు (2–5) వస్తాయి. చాలామంది ఇక్కడే పుస్తకం మూసేస్తారు. వాటిని పైపైన చూసి వదిలేయండి. అలాగే 54 నుంచి 59 దాకా ఏథెన్స్‌లో పాతకాలం నాటి ఒక హత్య గురించిన పిట్టకథ ఉంటుంది, మొదటిసారికి అదీ అక్కర్లేదు. కానీ 9 నుంచి 24 దాకా మాత్రం ఒక్క వాక్యం కూడా వదలకండి. సభలో నికియాస్ ఈ దండయాత్ర వద్దంటాడు. ఎవరూ వినకపోతే, అవసరమయ్యే ఓడలు, సైన్యం, సరుకుల లెక్క భారీగా చెప్తే భయపడి మానేస్తారని ఎత్తు వేస్తాడు. జనం భయపడకపోగా "అంత పంపిస్తే ఓటమి ఎలా వస్తుంది?" అని ఇంకా ఉత్సాహపడి అడిగిందంతా మంజూరు చేసేస్తారు. ఇష్టంలేని యుద్ధానికి అతన్నే సేనానుల్లో ఒకడిగా పంపిస్తారు. బయల్దేరిన యుద్ధనౌకలు 134.

చదువుతున్నంతసేపూ ఒక కాగితం మీద సిరక్యూస్ బొమ్మ మీ చేత్తో గీయండి. పెద్ద ఓడరేవు, దాని మూతి, ఊరి వెనక ఎపిపొలై అనే ఎత్తైన మెట్ట, ఏథెన్స్‌వాళ్లు కట్టిన గోడ, దాన్ని అడ్డుకోడానికి సిరక్యూస్‌వాళ్లు కట్టిన ఎదురు గోడలు. బొమ్మ అందంగా ఉండక్కర్లేదు. గోడ ఎక్కడిదాకా వచ్చిందో తెలియకుండా ఏడో భాగం చదివితే ఎవరు ఎవర్ని ముట్టడిస్తున్నారో కూడా అర్థం కాదు, ఎందుకంటే మధ్యలో అది తారుమారవుతుంది.

ఒక హెచ్చరిక. ఏడో భాగం 29, 30 అధ్యాయాల్లో మైకలెసస్ అనే చిన్న ఊళ్లో జరిగిన ఊచకోత ఉంది, బడిలోకి అప్పుడే వచ్చిన పిల్లల్ని కూడా చంపేస్తారు. చిన్నవయసు వాళ్లయితే ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి చదవండి, లేదా ఇప్పటికి దాటేయండి. కానీ ఎప్పటికైనా చదవాల్సిందే. డబ్బు ఖర్చు తట్టుకోలేక ఏథెన్స్ వెనక్కి పంపించేసిన కిరాయి సైనికులు దారిలో చేసిన పని అది. వ్యూహం, ఎత్తుగడ అని మనం హాయిగా కూర్చుని మాట్లాడుకునే మాటల కింద ఏముంటుందో ఆ రెండు పేజీల్లో ఉంది.

5. నిర్ణయానికి ముందు పుస్తకం మూయండి

యుద్ధచరిత్ర చదవడంలో దీన్ని మించిన కసరత్తు నాకు తెలియదు. ఏడో భాగంలో 49వ అధ్యాయం పూర్తి కాగానే ఆపేయండి. పరిస్థితి ఇది: రాత్రి దాడి విఫలమైంది, శిబిరం చిత్తడి నేలలో ఉంది, సైనికులకు జబ్బులు. కొత్తగా వచ్చిన సేనాని డెమొస్తనీస్ వెంటనే వెళ్లిపోదామంటాడు. నికియాస్ వద్దంటాడు. ఊరికి తిరిగి వెళ్తే సభ తనకి మరణశిక్ష వేస్తుందని అతని భయం, అన్యాయంగా సొంతవాళ్ల చేతిలో చావడం కన్నా శత్రువు చేతిలో చావడం మేలనుకుంటాడు. పైగా సిరక్యూస్ ఖజానా ఖాళీ అయిపోతోందని అతనికి లోపలి సమాచారం ఉంది, అది అబద్ధం కూడా కాదు.

ఇప్పుడు ఒక పేజీ రాయండి. మీరే నికియాస్ అయితే ఏం చేస్తారు, ఎందుకు, మీ నిర్ణయం తప్పని ఏ సంకేతం చూస్తే ఒప్పుకుంటారు. రాశాక మాత్రమే 50వ అధ్యాయం తెరవండి.

చివరికి నికియాస్ కూడా వెళ్లిపోడానికి ఒప్పుకుంటాడు, అంతా సిద్ధమవుతుంది, సరిగ్గా అప్పుడు చంద్రగ్రహణం పడుతుంది. జ్యోతిష్కులు మూడు తొమ్మిదుల రోజులు, అంటే ఇరవై ఏడు రోజులు, కదలొద్దంటారు. నికియాస్ ఆగిపోతాడు. ఆ లోపల సిరక్యూస్‌వాళ్లు ఓడరేవు మూతి మూసేస్తారు. నౌకాదళం పోతుంది, సైన్యం నడుచుకుంటూ పారిపోవాల్సి వస్తుంది, సేనానులిద్దర్నీ చంపేస్తారు, ఏడు వేలకు తగ్గకుండా బందీలు రాతి గనుల్లో పడతారు.

ఇప్పుడు "లాకీస్" తీసి 198, 199 అంకెల దగ్గర చూడండి. ధైర్యమంటే దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో తెలిసిన జ్ఞానం అని వాదించేది నికియాసే. అక్కడే సోక్రటీస్ అతనితో, చట్టం ప్రకారం జ్యోతిష్కుడి మీద సేనానికి అధికారం ఉంటుంది గానీ సేనాని మీద జ్యోతిష్కుడికి కాదు అంటాడు. ప్లేటో ఇది రాసేనాటికి సిరక్యూస్‌లో ఏం జరిగిందో ఏథెన్స్‌లో తెలియనివాళ్లు లేరు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివినవాళ్లకి తత్వశాస్త్రం ఎందుకు చదవాలి అన్న ప్రశ్న మళ్లీ రాదు.

6. అయిదు, ఆరు, ఏడు వారాలు: ఎపిక్టెటస్, సన్ జు

ఎపిక్టెటస్ చేతిపుస్తకంలో 53 చిన్న ముక్కలుంటాయి. బానిసగా పుట్టి గురువైన మనిషి మాటలు, రాసిపెట్టింది శిష్యుడు ఏరియన్. ఈ ఏరియనే అలెగ్జాండర్ దండయాత్రల చరిత్ర రాశాడు, రోమ్ తరఫున ఒక రాష్ట్రానికి పాలకుడిగా సైన్యాన్నీ నడిపాడు, అంటే ఈ రెండు చదువులూ కలిపి చదవడం మనం కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. రోజుకు పది ముక్కలు మించి చదవకండి. మొదటి ముక్కలో, మన చేతిలో ఉన్నవేవి, లేనివేవి అనే విభజన ఉంటుంది. దాన్ని నాలుగు గీతల్లో రాసి పెట్టుకోండి.

తర్వాత సన్ జు. మూలంలో సుమారు 6,000 చైనీస్ అక్షరాలే, కాబట్టి ఒక్కరోజులో అయిపోతుంది, అయిపోతుంది గనకే మోసం చేస్తుంది. గైల్స్ అనువాదంలో మూలవాక్యాల మధ్యలోనే పాత వ్యాఖ్యాతల మాటలు దూర్చి ఉంటాయి, మొదటిసారి వాటిని దాటేసి మూలం ఒక్కటే చదవండి, లేకపోతే ఎవరు ఏమన్నారో కలగాపులగం అవుతుంది. రెండు వారాల్లో రోజుకు రెండు అధ్యాయాలు మించకుండా, రెండోసారి కూడా చదవండి.

నాలుగో అధ్యాయంలో, ఓడిపోకుండా ఉండటం మన చేతిలో ఉంది, గెలిచే అవకాశం ఇవ్వడం శత్రువు చేతిలో ఉంది అనే అర్థం వచ్చే మాట ఉంటుంది. పక్కన ఎపిక్టెటస్ మొదటి ముక్క పెట్టండి. రెండూ ఒకటేనా? పైకి ఒకటే. కానీ ఒకాయన మన చేతిలో లేనిదాన్ని పట్టించుకోవద్దంటాడు, ఇంకొకాయన దానికోసం కాచుకుని కూర్చోమంటాడు. ఈ తేడా మీద ఒక పేజీ రాయండి. ఆ తర్వాత సన్ జు రెండో అధ్యాయం, అంటే దూరదేశంలో సాగే యుద్ధానికి అయ్యే ఖర్చు గురించినది, తీసుకుని సిసిలీ మీద పెట్టి చూడండి. నికియాస్ ఏథెన్స్‌కి రాసిన ఉత్తరం తూసిడిడీస్ ఏడో భాగం 11–15లో ఉంది, పక్కన పెట్టుకోండి.

7. ఎనిమిది నుంచి పది: క్లౌజ్‌విట్జ్

భయపడకండి, మొత్తం ఎనిమిది భాగాలూ చదవమనడం లేదు. ఆయన 1831లో కలరాతో పోయేనాటికి పుస్తకం పూర్తి కాలేదు, భార్య మేరీ మరుసటి ఏడాది నుంచి అచ్చు వేయించింది. మొదటి భాగం మొదటి అధ్యాయం ఒక్కటే పూర్తయినట్టు లెక్క అని ఆయనే ఒక చోట రాసుకున్నాడు. కాబట్టి అదీ, ఏడో అధ్యాయమూ చదవండి.

ముందు ఏడోది చదవండి, మూడు నాలుగు పేజీలే. యుద్ధంలో అన్నీ తేలిగ్గానే కనిపిస్తాయి గానీ అతి తేలికైనదే చేయడం కష్టమవుతుంది అని మొదలుపెట్టి, దీనికి రాపిడి అని పేరు పెడతాడు. సాయంత్రం లోపల ఇంకో రెండు మజిలీలు వెళ్లిపోదామనుకున్న ప్రయాణికుడికి గుర్రాలు దొరక్క, దారి బాగోక, చీకటిపడి ఎంత తిప్పలవుతుందో చెప్తాడు. అది చదివాక తూసిడిడీస్ ఏడో భాగం 44కి వెళ్లండి: వెన్నెల్లో ఎపిపొలై మీద రాత్రి దాడి, ఎదురొచ్చేవాడు మనవాడో కాదో తెలియక సంకేతపదం పదే పదే గట్టిగా అడగడంతో అది శత్రువుకి తెలిసిపోవడం, తమ పక్షాన ఉన్న డోరియన్లు (సిరక్యూస్‌వాళ్ల తెగకే చెందిన గ్రీకులు) పాడిన యుద్ధగీతం అచ్చం శత్రువు పాటలా వినిపించి సొంతవాళ్లే బెదిరిపోవడం. రాపిడి అంటే ఏమిటో ఇక జన్మలో మర్చిపోరు.

మొదటి అధ్యాయంలో 28 విభాగాలుంటాయి. ఇక్కడ ఒక గుంత ఉంది. 3, 4, 5 విభాగాల్లో యుద్ధం హద్దుల్లేని హింస వైపు పోతుంది అని తర్కం చెప్తాడు, ఆరో విభాగం నుంచి అసలు ప్రపంచంలో అలా ఎందుకు జరగదో చెప్తూ వస్తాడు. మొదటి నాలుగు పేజీలు చదివి "క్లౌజ్‌విట్జ్ దయాదాక్షిణ్యాలు వద్దన్నాడు" అని వాదించేవాళ్లు కోకొల్లలు. 28 దాకా వెళ్లకుండా ఆయన ఏమన్నాడో ఎవరికీ చెప్పకండి. 24వ విభాగంలో, యుద్ధం రాజకీయ విధానానికి వేరే సాధనాలతో చేసే కొనసాగింపు అంటాడు. సిసిలీ విషయంలో ఆ విధానం ఏమిటి? ఏథెన్స్‌కి అసలు ఏం కావాలి? తూసిడిడీస్ ఆరో భాగం మళ్లీ తెరిచి వెతకండి. దొరికే జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు, అదే విషయం.

కష్టంగా ఉంటే రోజుకు మూడు విభాగాలు చాలు.

8. పదకొండు, పన్నెండు: కౌటిల్యుడు

ఆరో అధికరణంలో రాజ్యానికి ఏడు అంగాలు వరసగా ఉంటాయి: స్వామి (రాజు), అమాత్యుడు (మంత్రి), జనపదం (దేశం, ప్రజలు), దుర్గం (కోట), కోశం (ఖజానా), దండం (సైన్యం), మిత్రుడు. సైన్యం ఆరోది అని గమనించండి. ఏడో అధికరణంలో సంధి, విగ్రహం (యుద్ధం), ఆసనం (కదలకుండా ఉండటం), యానం (దండెత్తి వెళ్లడం), సంశ్రయం (ఇంకొకరి అండ చేరడం), ద్వైధీభావం (ఒకరితో సంధి, ఇంకొకరితో యుద్ధం) అనే ఆరు మార్గాలు. సంధి వల్లా యుద్ధం వల్లా ఒకే లాభం వచ్చేట్టుంటే సంధే మేలంటాడు, ఎందుకంటే యుద్ధంలో నష్టం, ఖర్చు, పరాయి చోట ఉండటం తప్పవు.

చేయాల్సిన పని ఒక్కటే. క్రీ.పూ. 415 నాటి ఏథెన్స్‌కి ఏడు అంగాల పట్టిక వేసి ఒక్కో అంగం పరిస్థితి ఎలా ఉందో ఒక్కో వాక్యం రాయండి, పక్కన సిరక్యూస్‌కి కూడా. అప్పుడు కౌటిల్యుడు ఏ మార్గం చెప్పేవాడో తేల్చండి. శామశాస్త్రి అనువాదంలో పారిభాషిక పదాలు ఇబ్బంది పెడితే సంస్కృత పదాన్నే నోట్స్‌లో ఉంచుకోండి, మనకి సగం తెలిసినవే.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

అన్నిటికన్నా ముందు, పాత్ర మాట రచయిత మాట అనుకోవడం. బలవంతుడు చేయగలిగింది చేస్తాడు, బలహీనుడు పడాల్సింది పడతాడు అనే అర్థం వచ్చే వాక్యం తూసిడిడీస్ బోధన అని పోస్టర్లు వేస్తుంటారు. అది క్రీ.పూ. 416లో మెలోస్ ద్వీపం వాళ్లతో ఏథెన్స్ రాయబారులు అన్న మాట. అయిదో భాగం దాంతో ముగుస్తుంది, పేజీ తిప్పితే సిసిలీ మొదలవుతుంది. రచయిత ఆ రెండింటినీ పక్కపక్కన ఎందుకు పెట్టాడో ఆలోచించాల్సింది పోయి ఫోన్ వాల్‌పేపర్ చేసుకుంటున్నాం.

దొంగ కొటేషన్లు. "మిత్రుల్ని దగ్గర ఉంచుకో, శత్రువుల్ని ఇంకా దగ్గర ఉంచుకో" సన్ జులో లేదు, అది సినిమా డైలాగు. యుద్ధం అంతం చూసేది చనిపోయినవాళ్లే అన్న మాట ప్లేటోది కాదు, ఇరవయ్యో శతాబ్దపు తత్వవేత్త సంతాయన రాసింది. అధ్యాయం నంబరు లేని కొటేషన్ ఏదైనా సరే నోట్‌బుక్‌లోకి రానివ్వకండి. ఏఐని అడిగినా ఇదే నియమం, నంబరు చెప్పమనండి, చెప్పాక పుస్తకం తీసి చూడండి, ఎందుకంటే అది లేని వాక్యాన్ని కూడా ఎంతో ధీమాగా చెప్తుంది. అలాగే వీడియో గానీ సారాంశం గానీ పుస్తకం చదివిన తర్వాతే చూడండి, ముందు కాదు.

జరిగింది తెలిసి తీర్పు చెప్పడం. "నికియాస్ మూర్ఖుడు" అనేయడం చాలా తేలిక. ఆ రోజు అతనికి ఏం తెలుసు, ఏం తెలియదు అని రెండు వరుసలు రాశాక కూడా అదే మాట అనగలిగితే అనండి.

పుస్తకాన్ని ఇంట్లోవాళ్ల మీద, స్నేహితుల మీద ప్రయోగించడం. సన్ జు చదివిన మొదటి నెలలో ప్రతి చిన్న గొడవా యుద్ధంలా, ప్రతి మనిషీ శత్రువులా కనిపిస్తారు, చుట్టుపక్కలవాళ్లకి టెన్షన్. ఆయన రాజ్యాల గురించి రాశాడు, మీ గ్రూప్ చాట్ గురించి కాదు. దీనికన్నా ప్రమాదం ఇంకొకటుంది: ఈ పుస్తకాల పేరు చెప్పి ఫలానా జాతి, ఫలానా మతం మీద పగ నూరిపోసే గుంపులు ఆన్‌లైన్‌లో ఉంటాయి, కుర్రాళ్లనే వెతుక్కుంటూ వస్తాయి. అక్కడ పూర్వపక్షం ఉండదు. మూడో గీత రాయనివ్వని చోటు అనిపిస్తే వెంటనే బయటికి వచ్చేయండి, ఇంట్లో ఎవరికైనా చెప్పండి.

సరిగ్గా చదివారో లేదో ఎలా తెలుస్తుంది?

ప్రతి ఆదివారం ఆ వారం చదివింది ఆ వినే మనిషికి, పుస్తకం ముట్టుకోకుండా, అయిదు నిమిషాల్లో చెప్పండి. వాళ్లు చదవనివాళ్లయితే మేలన్నది ఇందుకే, అర్థంకాకపోతే "అంటే?" అని అడుగుతారు, చదివినవాళ్లు తెలిసినట్టు తలూపేస్తారు. ఎక్కడ తడబడ్డారో అక్కడ మళ్లీ చదవండి.

నెలకోసారి మీకు నచ్చని పక్షం తరఫున ఒక పేజీ రాయండి. డెమొస్తనీస్ ఒప్పు అనుకుంటే నికియాస్ తరఫున. దాన్ని ఎవరికైనా చూపించి, రాసినవాడు ఎవరి పక్షమో చెప్పమనండి. వెక్కిరింపు కనిపిస్తే ఇంకా రాలేదన్నమాట.

పన్నెండో వారం చివర మొదటి పేజీలోని ప్రశ్నకి జవాబు రాసి, ఏ పుస్తకంలో ఏ చోటు మీ ఆలోచన మార్చిందో పక్కన నంబరుతో చూపించండి. ఒక్క చోటు కూడా చూపించలేకపోతే మీరు చదివింది మీ పాత అభిప్రాయాన్నే.

పన్నెండు వారాలు కుదరకపోతే, కుదిరి పూర్తయిపోతే

పరీక్షలు గానీ పని గానీ ఉండి టైమ్ లేకపోతే మొదటి అయిదు మెట్లు మాత్రం చేయండి, నాలుగు వారాలు. మిగతావి సెలవుల్లో చూసుకోవచ్చు. మధ్యలో పది రోజులు గ్యాప్ వస్తే మొదటి నుంచి మొదలుపెట్టకండి, నోట్‌బుక్‌లో చివరి రెండు పేజీలు చదువుకుని ఆగిన చోటి నుంచే వెళ్లండి.

పూర్తయినవాళ్లు ముందు తూసిడిడీస్ అయిదో భాగం చివర్లో మెలోస్ సంభాషణనీ, జర్మన్ తత్వవేత్త కాంట్ 1795లో రాసిన శాశ్వత శాంతి వ్యాసాన్నీ జతగా చదవండి, రెండూ చిన్నవే. ఆ తర్వాత యుద్ధం మార్చండి. 1812లో నెపోలియన్ రష్యా మీదికి వెళ్లినది మంచి ఎంపిక, ఎందుకంటే రష్యా వైపు నిలబడి క్లౌజ్‌విట్జే దాని గురించి రాశాడు, ఫ్రెంచ్ వైపు నుంచి నెపోలియన్ పక్కనే ఉన్న కొలాంకూర్ జ్ఞాపకాలు ఉన్నాయి. మ్యాప్ మాత్రం ఈసారి ఇంకా పెద్ద కాగితం మీద గీయాల్సి వస్తుంది.